విండోస్ 10 కంప్యూటర్‌ను అప్పుడే పారేయకండి: సపోర్ట్ ఆగాక ఏం చేయాలో వరుసగా

"మా కంప్యూటర్ విండోస్ 11కి పనికిరాదని మెసేజ్ వస్తోంది. కొత్తది కొనాల్సిందేనా?"

ఈ మధ్య నన్ను ఎక్కువ మంది అడుగుతున్న ప్రశ్న ఇదే. డీటీపీ సెంటర్ నడిపేవాళ్లు, టాలీలో లెక్కలు రాసే అకౌంటెంట్లు, లాక్‌డౌన్‌లో పిల్లల క్లాసుల కోసం సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నవాళ్లు, అమెరికాలో ఉండి ఊళ్లో అమ్మానాన్నల కంప్యూటర్ గురించి బెంగపడేవాళ్లు, అందరూ ఇదే అడుగుతున్నారు. షాపుకు తీసుకెళ్తే "పాతదైపోయింది సార్, మార్చేయండి" అనే మాటే ఎక్కువగా వినిపిస్తోంది. నా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామందికి ఆ అవసరం రాలేదు. మీకు ఉందో లేదో ఒక సాయంత్రం కూర్చుంటే మీరే తేల్చుకోవచ్చు.

అసలు ఏం ఆగిపోయింది?

2015 జులైలో వచ్చిన విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. దాంతో కంప్యూటర్ ఆగిపోదు. రేపు పొద్దున కూడా ఎప్పటిలాగే ఆన్ అవుతుంది, ఫైళ్లు తెరుచుకుంటాయి, ప్రింట్లు వస్తాయి. ఆగినవి సెక్యూరిటీ అప్‌డేట్లు. కొత్తగా బయటపడిన లోపాలకు మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం ప్యాచ్‌లు ఇస్తుంది. విండోస్ 10, 11 లోపల చాలా భాగం ఒకటే. కాబట్టి 11కి ఇచ్చిన ప్యాచ్‌ను విప్పి చూసినవాడికి 10లో ఏ తలుపు తెరిచి ఉందో కూడా తెలిసిపోతుంది.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పడం లేదు. 2017 మే నెలలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై ప్రపంచమంతా పాకినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లకూ తగిలింది. దానికి ప్యాచ్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది. వేసుకోని కంప్యూటర్లు దొరికిపోయాయి. అప్పటికే సపోర్ట్ ఆగిపోయిన ఎక్స్‌పీ వాడుతున్నవాళ్లకైతే దాడి మొదలయ్యాక గానీ ప్యాచ్ అందలేదు.

కావలసినవి

- ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్, మీ ఫైళ్లన్నీ పట్టేంత
- 8 జీబీ లేదా అంతకంటే పెద్ద పెన్‌డ్రైవ్ ఒకటి, అందులోవి పోయినా ఫర్వాలేనిది
- మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఈమెయిల్, పాస్‌వర్డ్ (లేకపోతే ఉచితంగా తెరుచుకోవచ్చు)
- నమ్మకమైన ఇంటర్నెట్. మొబైల్ హాట్‌స్పాట్ అయితే 5 నుంచి 8 జీబీ డేటా ఖర్చవుతుందని లెక్కేసుకోండి
- కరెంటు పోని సమయం. ల్యాప్‌టాప్‌కు చార్జర్ పెట్టే ఉంచండి. డెస్క్‌టాప్‌కు యూపీఎస్ ఉంటే మంచిది
- ఒక నోటు పుస్తకం, పెన్ను. స్క్రీన్ తెరుచుకోని రోజున స్క్రీన్‌లో దాచిన పాస్‌వర్డ్ పనికిరాదు

1. ముందు బ్యాకప్, తర్వాతే ఏదైనా

కింద చెప్పే ఏ దారి పట్టినా ఇది చేయకుండా ముందుకు వెళ్లకండి. డాక్యుమెంట్స్, పిక్చర్స్, డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లు అందరికీ గుర్తుంటాయి. మర్చిపోయేవి వేరే ఉంటాయి:

- టాలీ డేటా ఫోల్డర్. ఇది చాలాసార్లు సీ డ్రైవ్‌లో ఎక్కడో ఉంటుంది. టాలీలోనే బ్యాకప్ తీసి, ఆ ఫోల్డర్‌ను కూడా విడిగా కాపీ చేయండి.
- అను ఫాంట్లతో చేసిన పేజ్‌మేకర్ ఫైళ్లు. ఫైలు ఒక్కటే సరిపోదు, ఆ ఫాంట్లు, ఇన్‌స్టాల్ చేసే సాఫ్ట్‌వేర్, లైసెన్స్ వివరాలు కూడా కావాలి. ఇవి యూనికోడ్ కావు కాబట్టి ఫాంట్ లేకపోతే మీ తెలుగంతా గజిబిజి ఇంగ్లిష్ గుర్తులై కనిపిస్తుంది.
- అవుట్‌లుక్ వాడేవాళ్లయితే అందులోని మెయిల్ ఫైలు.
- బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్క్‌లు.
- డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ పాస్‌వర్డ్, దాని డ్రైవర్.

కాపీ అయ్యాక ఆ హార్డ్ డిస్క్‌ను తీసి ఇంకో కంప్యూటర్‌కు పెట్టి, ఒక ఫొటో, ఒక వర్డ్ ఫైలు, ఒక పీడీఎఫ్ తెరిచి చూడండి. ఒకసారి బంధువుల పెళ్లి ఫొటోల ఫోల్డర్ కాపీ అయిందని ఫైళ్ల సంఖ్య చూసి నమ్మాను. పాత డిస్క్ ఫార్మాట్ చేశాక తెరిస్తే చాలా ఫొటోలు సగం వరకే ఉన్నాయి. తిరిగి రాలేదు. ఆ ఇంటివాళ్లకు ఆ మాట చెప్పిన రోజు నేను మర్చిపోలేను. అప్పటినుంచి తెరిచి చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్‌గా లెక్కపెట్టడం లేదు.

జాగ్రత్త: మీ డిస్క్‌కు బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌లోని ఫైళ్లకు తాళం వేసే విండోస్ సదుపాయం) ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ ఒకటి ఉంటుంది. బయాస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే కంప్యూటర్ సెట్టింగ్స్) చిన్న మార్పు చేసినా కంప్యూటర్ దాన్ని అడగవచ్చు, అప్పుడు ఆ కీ చేతిలో లేకపోతే ఫైళ్లు చేజారినట్టే. స్టార్ట్ మెనూలో బిట్‌లాకర్ అని వెతికి స్థితి చూడండి. హోమ్ ఎడిషన్‌లో సెట్టింగ్స్, అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ కింద డివైస్ ఎన్‌క్రిప్షన్ ఉంటుంది. ఆన్‌లో ఉంటే కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలో దొరుకుతుంది. నోటు పుస్తకంలో రాసుకోండి.

2. మీ కంప్యూటర్ సంగతి తెలుసుకోండి

సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్ తెరవండి. మూడు విషయాలు రాసుకోండి: ప్రాసెసర్ పేరు, ర్యామ్ ఎంత, విండోస్ వెర్షన్. వెర్షన్ దగ్గర 22హెచ్2 అని ఉండాలి. విండోస్ 10లో ఇదే ఆఖరిది. మీది అంతకంటే పాతదైతే ముందు విండోస్ అప్‌డేట్ నుంచి దీనికి రండి.

విండోస్ 11కి 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, 64 బిట్ ప్రాసెసర్, యూఈఎఫ్ఐ (బయాస్‌కు కొత్త రూపం), సెక్యూర్ బూట్ సదుపాయం, టీపీఎం 2.0 (భద్రత కోసం ఉండే చిప్) కావాలి. ఎక్కువ మందికి అడ్డొచ్చేది ప్రాసెసర్. ఇంటెల్ కోర్ అయితే దాదాపుగా 8వ తరం, ఆపై తరాలే పనికొస్తాయి. తరం చూడడం తేలికే: ఐ5-8250 అని ఉంటే గీత తర్వాతి 8 అంటే 8వ తరం. ఐ5-7200 అయితే 7వ తరం. ఐ5-10210 అని ఐదు అంకెలుంటే మొదటి రెండూ కలిపి 10వ తరం. కొత్తవాటిలో ఐ5-1135 అన్నట్టు 1తో మొదలయ్యే నాలుగు అంకెలుంటాయి, అది 11వ తరం, 1వ తరం కాదు. సెలెరాన్, పెంటియమ్, రైజెన్‌లకు ఈ లెక్క కుదరదు. వాటికి మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పీసీ హెల్త్ చెక్ నడిపి అది చెప్పిందే నమ్మండి.

ఆ యాప్ "పనికిరాదు" అన్నా అక్కడే ఆగిపోకండి, కారణం చదవండి. ప్రాసెసర్ సరిపోయి టీపీఎం మాత్రమే లేదని చెబితే, చాలాసార్లు అది లేక కాదు, బయాస్‌లో ఆఫ్ చేసి ఉండడం వల్ల. అసెంబుల్డ్ డెస్క్‌టాప్‌లలో ఇది మరీ ఎక్కువ. ఇలాంటి కంప్యూటర్‌ను పట్టుకుని కొత్తది కొనడానికి సిద్ధమైనవాళ్లను నేను చాలామందిని ఆపాను.

ఆన్ చేయడం ఇలా: కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుండగా బయాస్ కీ నొక్కుతూ ఉండండి. డెల్, ఏసర్, ఆసుస్, లెనోవో ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10, డెస్క్‌టాప్ బోర్డుల్లో ఎక్కువగా డిలీట్. లోపల సెక్యూరిటీ లేదా అడ్వాన్స్‌డ్ కింద ఇంటెల్ అయితే పీటీటీ, ఏఎండీ అయితే ఎఫ్‌టీపీఎం అనే పేరుతో ఉంటుంది. ఎనేబుల్ చేసి సేవ్ చేయండి.

సరిచూసుకోవడం: విండోస్ సెక్యూరిటీ, డివైస్ సెక్యూరిటీ, సెక్యూరిటీ ప్రాసెసర్ డీటెయిల్స్‌లో స్పెసిఫికేషన్ వెర్షన్ 2.0 కనిపించాలి.

జాగ్రత్త: సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో బయాస్ మోడ్ దగ్గర లెగసీ అని ఉంటే, బయాస్‌లోకి వెళ్లి నేరుగా యూఈఎఫ్ఐకి మార్చేయకండి. డిస్క్ పాత పద్ధతిలో ఉంటుంది కాబట్టి విండోస్ లేవదు. ముందు డిస్క్‌ను జీపీటీ అనే కొత్త పద్ధతికి మార్చాలి. దానికి పనిముట్టు విండోస్ 10లోనే ఉంది, కానీ కమాండ్‌లు టైపు చేసే అలవాటు లేకపోతే తెలిసినవాళ్ల చేత చేయించండి. ఇప్పటికే మార్చేసి నల్ల స్క్రీన్ చూస్తుంటే టెన్షన్ పడకండి, బయాస్‌లో మళ్లీ లెగసీకి మార్చండి, పాత విండోస్ లేస్తుంది.

3. ఏం చేయాలో తేలకపోయినా ఈఎస్‌యూలో చేరండి

ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్, క్లుప్తంగా ఈఎస్‌యూ. ఇళ్లలో వాడే విండోస్ 10 కంప్యూటర్లకు దీని ద్వారా 2026 అక్టోబరు 13 వరకు సెక్యూరిటీ ప్యాచ్‌లు వస్తాయి. కొత్త ఫీచర్లు రావు, ఫోన్‌లో సాయం ఉండదు, ప్యాచ్‌లు మాత్రమే. అయినా నా సలహా ఒక్కటే: మిగతా నిర్ణయం వచ్చే నెల తీసుకున్నా, ఈ పని మాత్రం ఈరోజే చేయండి.

చేరడానికి మూడు దారులు. సెట్టింగ్స్‌ను మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కు సింక్ చేస్తే ఉచితం. లేదా 1,000 మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లు. లేదా ఒకేసారి 30 డాలర్లు, స్థానిక కరెన్సీలో దానికి సమానం, పన్ను అదనం. యూరప్ ఆర్థిక ప్రాంతంలో ఉన్న తెలుగువాళ్లకు సింక్ షరతు లేకుండానే ఉచితం, అకౌంట్‌తో అప్పుడప్పుడు సైన్ ఇన్ అవుతుంటే చాలు. ఒక అకౌంట్ కింద 10 కంప్యూటర్ల వరకు చేర్చవచ్చు.

ఎలాగంటే:

అ) అడ్మినిస్ట్రేటర్ హక్కులున్న అకౌంట్‌తో లాగిన్ అవ్వండి. పిల్లల అకౌంట్‌తో కుదరదు.
ఆ) సెట్టింగ్స్, అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, విండోస్ అప్‌డేట్ తెరిచి, చెక్ ఫర్ అప్‌డేట్స్ నొక్కండి. పెండింగ్‌లో ఉన్నవన్నీ వేసి రీస్టార్ట్ చేయండి.
ఇ) అదే పేజీలో ఎన్‌రోల్ నౌ అనే లింకు కనిపిస్తుంది. నొక్కి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయి, మీకు నచ్చిన దారి ఎంచుకోండి.

లింకు కనిపించకపోతే కారణం దాదాపు ఎప్పుడూ వీటిలో ఒకటి: వెర్షన్ 22హెచ్2 కాదు, పెండింగ్ అప్‌డేట్లు వేయలేదు, లేదా ఆ కంప్యూటర్ ఆఫీసు డొమైన్‌లో ఉంది. ఆఫీసువాటికి దారి వేరు, అక్కడి ఐటీ వాళ్లను అడగండి.

ఉచిత దారిలో ఒక చిక్కు ఉంది. సింక్ చేయాల్సింది సెట్టింగ్స్ మాత్రమే. ఆ పక్కనే డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లకు కూడా టిక్ పెడితే మీ ఫొటోలన్నీ వన్‌డ్రైవ్‌లోకి ఎక్కడం మొదలవుతుంది. ఉచితంగా దొరికేది 5 జీబీనే. అది నిండగానే డబ్బు కట్టమని మెసేజ్‌లు మొదలవుతాయి. ఫోల్డర్లను ఆఫ్‌లోనే ఉంచండి.

విదేశాల్లో ఉండి అమ్మానాన్నల కంప్యూటర్‌ను దూరం నుంచి సరిచేసే పిల్లలకు ఒక మాట: సులువని మీ సొంత అకౌంట్‌తో వాళ్ల కంప్యూటర్‌లో సైన్ ఇన్ అవ్వకండి. మీ వన్‌డ్రైవ్ ఫైళ్లు అక్కడ, వాళ్ల సెట్టింగ్స్ ఇక్కడ కలిసిపోతాయి. వాళ్ల పేరుతో ఒక అకౌంట్ తెరిచి, రికవరీ ఫోన్ నంబరుగా ఇంట్లో పనిచేసే నంబరు ఇవ్వండి.

సరిచూసుకోవడం: విండోస్ అప్‌డేట్ పేజీలో మీ కంప్యూటర్ ఎన్‌రోల్ అయిందని ఒక వాక్యం కనిపించాలి. అక్కడితో వదిలేయకండి. వచ్చే రెండో మంగళవారం దాటాక, మన టైములో బుధవారం, వ్యూ అప్‌డేట్ హిస్టరీ తెరిచి ఆ నెల పేరుతో క్యుములేటివ్ అప్‌డేట్ పడిందో లేదో చూడండి. విండోస్‌లోనే ఉండే యాంటీవైరస్ డిఫెండర్ అప్‌డేట్లు రోజూ వస్తున్నాయి కదా అని కొందరు ధైర్యంగా ఉంటారు. అవి ఈఎస్‌యూలో చేరకపోయినా 2028 వరకు వస్తాయి. కానీ అవి వైరస్‌లను గుర్తుపట్టే జాబితాలు మాత్రమే, విండోస్‌లోని లోపాలను పూడ్చవు.

4. విండోస్ 11కి అర్హత ఉంటే

అసలైన విండోస్ 10 లైసెన్స్ ఉన్నవాళ్లకు ఇది ఉచితం. విండోస్ అప్‌డేట్‌లోనే ఆఫర్ కనిపిస్తుంది. కనిపించకపోతే మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి ఇన్‌స్టలేషన్ అసిస్టెంట్ దించుకోండి. వేరే ఏ సైట్ నుంచీ వద్దు. సీ డ్రైవ్‌లో కనీసం 25 నుంచి 30 జీబీ ఖాళీ చూసుకుని, యూఎస్‌బీకి తగిలించిన ప్రింటర్లు, టోకెన్లు తీసేసి మొదలుపెట్టండి. రెండు మూడు గంటలు పట్టినా మధ్యలో పవర్ బటన్ నొక్కకండి.

మీ విండోస్ 10 గనక 32 బిట్‌ది అయితే నేరుగా ఎక్కదు, విండోస్ 11లో 32 బిట్ లేదు. బ్యాకప్ తీసుకుని కొత్తగా ఇన్‌స్టాల్ చేయాలి.

ఎక్కిన తర్వాత మొదటి రోజే మీ పనులన్నీ ఒక్కొక్కటిగా చేసి చూడండి: టాలీ తెరుచుకుందా, ప్రింట్ వచ్చిందా, స్కానర్, వేలిముద్ర పరికరం, డిజిటల్ సిగ్నేచర్ పనిచేస్తున్నాయా. ఎందుకంటే వెనక్కి విండోస్ 10కి వెళ్లే అవకాశం 10 రోజులే. సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో గో బ్యాక్ ఉంటుంది. జాగా కోసమని డిస్క్ క్లీనప్‌తో పాత విండోస్ ఫైళ్లు తుడిచేస్తే ఆ దారి వెంటనే మూసుకుపోతుంది.

విండోస్ 11 వచ్చేసింది కదా అని నిశ్చింతగా ఉండడానికీ లేదు. అందులో ప్రతి వెర్షన్‌కూ గడువుంది. హోమ్, ప్రోలలో 23హెచ్2కి 2025 నవంబరులోనే ముగిసింది, 24హెచ్2కి 2026 అక్టోబరు 13 వరకు, 25హెచ్2కి 2027 అక్టోబరు వరకు. అబౌట్ పేజీలో మీది ఏదో చూసుకోండి.

5. అర్హత లేకపోతే: మీ పనిని బట్టి తేల్చుకోండి

ఇక్కడ చాలామంది కంప్యూటర్ వయసు చూస్తారు. నేను మొదట అడిగేది "దీని మీద మీరు చేసే పని ఏమిటి?" అని.

టాలీ, అను ఫాంట్లు, పేజ్‌మేకర్, ఆధార్ వేలిముద్ర పరికరం, డిజిటల్ సిగ్నేచర్ మీ బతుకుతెరువైతే మీరు విండోస్‌లోనే ఉండండి. ఇవి లినక్స్‌లో (విండోస్ బదులు వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) నడుపుతామని ఎవరైనా చెబితే, పనులు ఆగిపోయే రోజున వాళ్లు మీ పక్కన ఉండరు. ఈఎస్‌యూతో గడువు వరకు నడిపి, ఆలోపు 8వ తరం లేదా పైబడిన రీఫర్బిష్డ్ కంప్యూటర్ చూసుకోండి. కొనేటప్పుడు "ఐ5, విండోస్ 11 వేసి ఉంది" అన్న మాట మీద కొనవద్దు. అర్హత లేని 6, 7 తరాల మెషీన్లకు కూడా చెకింగ్ దాటించి విండోస్ 11 వేసి అమ్మవచ్చు. అక్కడే అబౌట్ పేజీ తెరిపించి ప్రాసెసర్ నంబరు మీ కళ్లతో చూడండి.

ఈ చెకింగ్ దాటించే పద్ధతి గురించి కూడా అడుగుతున్నారు. చేయవచ్చు, రూఫస్ లాంటి సాధనాలతో పని అవుతుంది. కానీ అలాంటి కంప్యూటర్‌కు అప్‌డేట్లు ఇస్తామన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. పైన చెప్పిన వెర్షన్ల గడువు ముగిసిన ప్రతిసారీ తర్వాతి వెర్షన్ దానంతట అది రాదు, మళ్లీ చేత్తో ఎక్కించాలి. మరీ పాత ప్రాసెసర్లలో 24హెచ్2 అసలు బూటే కాదు. మీకు ఓపిక, తెలివిడి ఉండి, అది మీ సొంత ప్రయోగాల మెషీన్ అయితే సరే. షాపు కంప్యూటర్‌కు, పెద్దవాళ్ల కంప్యూటర్‌కు నేను ఒప్పుకోను.

బ్రౌజర్, యూట్యూబ్, ఈమెయిల్, వాట్సాప్ వెబ్, పిల్లల పీడీఎఫ్‌లు, ఉత్తరాలు టైపు చేసుకోవడం, ఇంతే పని అయితే లినక్స్ మింట్ చక్కగా సరిపోతుంది. బ్రౌజర్ ఒక్కటే చాలనుకుంటే గూగుల్ ఉచితంగా ఇచ్చే క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ ఇంకా తేలిక. అయితే దానిలో ఆండ్రాయిడ్ యాప్‌లు రావని ముందే తెలుసుకోండి.

6. లినక్స్ మింట్: వేసే ముందు వాడి చూడండి

మింట్ 22 వరుసకు 2029 వరకు అప్‌డేట్లు ఉన్నాయి. 4 జీబీ ర్యామ్ ఉంటే హాయిగా నడుస్తుంది. ర్యామ్ అంతకంటే తక్కువైతే తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ తీసుకోండి, లేకపోతే మామూలు సినమన్ ఎడిషన్. పాత తిరిగే హార్డ్ డిస్క్ తీసి చిన్న ఎస్‌ఎస్‌డీ వేయిస్తే అదే కంప్యూటర్ మీరు గుర్తుపట్టలేనంత చురుగ్గా ఉంటుంది. పెట్టే డబ్బుకు ఇంతకంటే మంచి ఫలితం ఇచ్చేది నాకు తెలిసి ఇంకోటి లేదు.

అ) మింట్ అధికారిక సైట్ నుంచి ఐఎస్‌ఓ ఫైలు దించుకోండి, దాదాపు 3 జీబీ ఉంటుంది. ఫైలు పూర్తిగా, సరిగ్గా దిగిందో లేదో చెప్పే చెక్‌సమ్‌ను సరిచూసే పద్ధతి ఆ సైట్‌లోనే ఉంది. ఇన్‌స్టలేషన్ సగంలో ఆగిపోయే కేసుల్లో చాలావాటికి మూలం సగం దిగిన ఫైలే.
ఆ) బలేనా ఎచర్ లేదా రూఫస్‌తో దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి రాయండి. ఐఎస్‌ఓను మామూలుగా కాపీ పేస్ట్ చేస్తే బూట్ కాదు. ఏ డ్రైవ్‌కు రాస్తున్నారో రెండుసార్లు చూడండి, బ్యాకప్ హార్డ్ డిస్క్ కూడా తగిలించి ఉంటే దాన్నే ఎంచుకునే ప్రమాదం ఉంది. దాన్ని ముందే పీకేయండి.
ఇ) రీస్టార్ట్ చేసి బూట్ మెనూ కీ నొక్కండి: డెల్, లెనోవో, ఏసర్‌లలో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. ఏసర్‌లో ఎఫ్12 పనిచేయకపోతే బయాస్‌లో దాన్ని ఎనేబుల్ చేయాలి. మెనూలో పెన్‌డ్రైవ్‌ను ఎంచుకోండి.
ఈ) మింట్ డెస్క్‌టాప్ వస్తుంది. ఇది పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తోంది, మీ విండోస్‌ను ఇంకా తాకలేదు. ఇక్కడే ఒక గంట గడపండి. వైఫై దొరికిందా, సౌండ్, వెబ్‌క్యామ్, స్క్రీన్ వెలుగు, ప్రింటర్ చూడండి. హెచ్‌పీ ప్రింటర్లు చాలావరకు ఇబ్బంది పెట్టవు. కానీ మన జిరాక్స్ షాపుల్లో వాడే చిన్న లేజర్ ప్రింటర్లలో కొన్నిటికి లినక్స్ డ్రైవర్ సరిగా పనిచేయదు. వేశాక తెలుసుకుని బాధపడే కంటే ఇప్పుడే తెలుసుకోవడం మేలు.
ఉ) అన్నీ బాగుంటే ఇన్‌స్టాల్ ఐకాన్ నొక్కండి. విండోస్‌ను కూడా ఉంచుకోవాలంటే ఇన్‌స్టాల్ అలాంగ్‌సైడ్, పూర్తిగా తీసేయాలంటే ఎరేజ్ డిస్క్. ఎరేజ్ అంటే డీ డ్రైవ్, ఈ డ్రైవ్‌లతో సహా డిస్క్ మొత్తం పోతుంది. "సీ డ్రైవ్ ఒక్కటే పోతుందనుకున్నా" అని ఏడ్చినవాళ్లను చూశాను. రెండూ ఉంచుకునేవాళ్లు ముందే విండోస్‌లో బిట్‌లాకర్, ఫాస్ట్ స్టార్టప్ ఆఫ్ చేయండి.

తెలుగు టైపింగ్ గురించి అందరూ అడుగుతారు. కీబోర్డ్ సెట్టింగ్స్, లేఅవుట్స్‌లో యాడ్ నొక్కితే తెలుగు కింద మామూలు లేఅవుట్‌తో పాటు కగప ఫొనెటిక్, సరళ కూడా ఉంటాయి. ఇన్‌స్క్రిప్ట్ అలవాటున్నవాళ్లు మొదటిది తీసుకోండి. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగు రప్పించే ఆర్‌టీఎస్ అలవాటైతే ఐబస్, ఎం17ఎన్ ప్యాకేజీలు వేసుకోవాలి. పోతన, వేమన ఫాంట్లు సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోనే దొరుకుతాయి.

సరిచూసుకోవడం: అప్‌డేట్ మేనేజర్ తెరిచి అన్నీ వేయండి, పెన్‌డ్రైవ్ తీసేసి రెండుసార్లు రీస్టార్ట్ చేయండి. ఆ తర్వాత బ్యాకప్‌లోని వర్డ్ ఫైళ్లు లిబ్రే ఆఫీస్‌లో తెరవండి. సాదా ఉత్తరాలు సరిగ్గానే వస్తాయి, టేబుళ్లు, బోర్డర్లు ఎక్కువున్నవి కొంచెం కదులుతాయి. నమ్మకం కుదిరే వరకు, కనీసం ఒక నెల, బ్యాకప్ డిస్క్‌ను దేనికీ వాడకండి.

7. ఏదీ కుదరకపోతే ఇంటర్నెట్ తీసేయండి

పేజ్‌మేకర్‌తో పెళ్లి కార్డులు చేసే మెషీన్‌కు నిజంగా ఇంటర్నెట్ అక్కర్లేదు. ల్యాన్ వైరు పీకేసి, వైఫై ఆఫ్ చేసి, దాన్ని ఆ పనికే ఉంచండి. మెయిల్, వాట్సాప్, బ్యాంకు వేరే కంప్యూటర్‌లో లేదా ఫోన్‌లో చూసుకోండి. ఈ ఏర్పాటులో ప్రమాదమంతా పెన్‌డ్రైవ్‌దే. కస్టమర్ తెచ్చిన పెన్‌డ్రైవ్‌ను నేరుగా దీనికి పెట్టకుండా, అప్‌డేట్లున్న మెషీన్‌లో స్కాన్ చేసి, కావలసిన ఫైలు ఒక్కటే మీ పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. "ఒక్క నిమిషం నెట్ పెడదాం" అని రోజుకు ఒకసారి పెడుతుంటే ఈ జాగ్రత్తకు అర్థం లేదు.

ఇంకా జరుగుతున్న పొరపాట్లు

క్రాక్ చేసిన విండోస్‌ను, ఆఫీస్‌ను వదలకపోవడం. యాక్టివేట్ చేయడానికని వేసే ఆ చిన్న ప్రోగ్రామ్ కోసం యాంటీవైరస్ ఆఫ్ చేయమంటారు. అక్కడే ఆగి ఆలోచించండి. ఆఫీస్ 2016, 2019లకు కూడా సపోర్ట్ అదే 2025 అక్టోబరు 14న ముగిసింది, కాబట్టి దానికీ ప్రత్యామ్నాయం చూసుకోవాలి. లిబ్రే ఆఫీస్ విండోస్‌లో కూడా ఉచితమే.

"మీ విండోస్ గడువు అయిపోయింది, మేం మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నాం" అని ఫోన్ వస్తే పెట్టేయండి. మైక్రోసాఫ్ట్ తనంతట తాను ఎవరికీ ఇలా ఫోన్ చేయదు. వాళ్లు చెప్పిన రిమోట్ యాప్ అప్పటికే వేసి ఉంటే వెంటనే ఇంటర్నెట్ తీసేసి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఇంట్లో పెద్దవాళ్లు కంప్యూటర్ వాడుతుంటే ఈ ఒక్క పేరా వాళ్లకు చదివి వినిపించండి.

చివరికి కంప్యూటర్ ఇచ్చేయాలని తేలితే, అమ్మే ముందు ఫైళ్లు డిలీట్ చేసి రీసైకిల్ బిన్ ఖాళీ చేస్తే సరిపోదు, అవి సులువుగా బయటికొస్తాయి. విండోస్ రీసెట్‌లో రిమూవ్ ఎవ్రీథింగ్ ఎంచుకుని, అందులో క్లీన్ డేటా ఆన్ చేయండి. అసలు ఆన్ కాని మెషీన్ అయితే స్క్రూలు విప్పి హార్డ్ డిస్క్ మీ దగ్గరే ఉంచుకుని, మిగతాది పాత సామానువాళ్లకు కాకుండా రిజిస్టర్డ్ ఈ-వేస్ట్ రీసైక్లర్‌కు ఇవ్వండి.